తోఫూ బూర సాక్ష్యం

పాడేవాణ్ణి కట్టుకుంటే ఇల్లంతా పాటలే అనుకున్నాను. నాకు దక్కింది పాడని మొగుడు. స్నానం చేస్తూ కూడా కూనిరాగం తీయడు. పిల్లలు చంటివాళ్ళుగా ఉన్నప్పుడు ఏడిస్తే, జోల పాడాల్సింది పోయి, వీధుల్లో తోఫూ అమ్మేటప్పుడు ఊదే బూర తెచ్చి ఊదేవాడు. ఏడుపు ఆగకపోగా వీధి కుక్కలు కూడా అందుకునేవి. "ఒక్క పాట పాడవయ్యా" అంటే "నా గొంతు పోయిందే తొమియే" అంటాడు. ఆ ఒక్క మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి.

మా ఆయన పేరు మొరియో. మా కిర్యూ ఊళ్ళో మా నాన్న పెట్టిన ఈ తోఫూ కొట్టుకి ఇల్లరికం వచ్చాడు. అకాగి కొండ మీంచి వచ్చే చలిగాలీ, మా ఊరి ఆడవాళ్ళూ ఒకటేనని చుట్టుపక్కల అంటుంటారు. ఎదురు నిలిచినవాడు బతికి బట్టకట్టడట. ఆ మాటకొస్తే మా ఆయన ఇన్నేళ్ళుగా రెండింటినీ తట్టుకుని నిలబడ్డాడు, కాదనను. తెల్లవారకముందే లేచి నానబెట్టిన సోయా గింజలు రుబ్బుతాడు, పాలు కాచి విరిచి తోఫూ గడ్డలు కడతాడు, సాయంత్రం బండి తోసుకుంటూ బూర ఊదుతూ వీధులు తిరుగుతాడు. మంచి మనిషే. కానీ నేను కట్టుకుంది ఆ గొంతుని చూసి. అది పోయాక మిగిలిన మనిషితో కాపురం చేశాను.

ఆ గొంతు నాకెలా తెలుసంటే, అది మా షెడ్డులోనే పెరిగింది. నాన్న సరుకు వేసుకెళ్ళే మూడుచక్రాల బండి ఉండేది ఆ షెడ్డులో. మొరియో, గిటారు వాయించే ఇసావో, ఇప్పుడు లేని ఇంకో ఇద్దరు, బండి పక్కన మిగిలిన చోటులో ఇరుక్కుని వాయించేవాళ్ళు. అటూ ఇటూ నేతమిల్లులు. పొద్దస్తమానం మగ్గాల చప్పుడు. అందులో వీళ్ళ డ్రమ్ములు ఎవడికి వినపడతాయి? ఇంకో ఊరైతే తన్ని తరిమేసేవాళ్ళు. మా ఊరికి మోత కొత్త కాదు. బండి పక్కన పుట్టారు కాబట్టి త్రీవీలర్స్ అని పేరు పెట్టుకున్నారు.

శ్రుతి పెట్టుకోవడానికి వాళ్ళ దగ్గర ఏ వస్తువూ లేదు. ఉన్నదల్లా మా నాన్న ఇత్తడి బూర. ఊదితే ఒక స్వరం, గాలి లోపలికి పీలిస్తే ఇంకో స్వరం. అంతే, మూడోది రాదు. దాన్ని పెంచలేం, తగ్గించలేం. అందుకని వీళ్ళే గిటార్లు తిప్పి దానికి కలుపుకునేవాళ్ళు. ఆ బూర ఊదే పని నాది. స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచీ అక్కడ పడేసి "ఊఁ, కానివ్వండి" అని ఊదేదాన్ని. మహారాణినన్నట్టు ఉండేది నాకు.

తర్వాత టోక్యో నుంచి ఒక రికార్డు కంపెనీ వాళ్ళు వచ్చి ఈ నలుగుర్నీ ఎగరేసుకుపోయారు. త్రీవీలర్స్ అంటే నూనె వాసన కొడుతోందని పేరు మార్చి సిల్వర్ హెరాన్స్ అన్నారు. అంటే వెండి కొంగలట! తెల్ల ప్యాంట్లు, మెడకి లేసు కుచ్చులు తొడిగారు. మా నాన్న ఫోటో చూసి, "కొంగలే, సందేహం లేదు, చేప ఒకటే తక్కువ" అన్నాడు. షెడ్డులో గొంతు చించుకుని అరిచే పాటలన్నీ పోయాయి. పువ్వులు, రిబ్బన్లు, వెన్నెల కన్నీళ్ళు అంటూ తియ్యటి పాటలతో ఒక పెద్ద రికార్డు వేశారు. అందులో 'సాయంత్రం వీధిలో నువ్వు' అనే పాట మధ్యలో తోఫూ బూర ఉండాలని మొరియో పట్టుబట్టాడు. అలా నేను కూడా టోక్యో వెళ్ళాను, స్కూలు యూనిఫారంలో, సంచీలో బూర పెట్టుకుని. స్టూడియోలో కూడా వాళ్ళు గిటార్లు నా బూరకే కలుపుకున్నారు. డైరెక్టరు అనే పెద్దమనిషి అది చూసి పగలబడి నవ్వాడు.

రికార్డు బయటికొచ్చాక మొరియో తన గొంతు విని అదిరిపడ్డాడు. ఆడపిల్ల గొంతులా సన్నగా, పైకి ఉంది. "సార్, ఇది నేనేనా?" అని అడిగాడు. "మైకంటే అంతే బాబూ, గొంతుకి మెరుగు పెడుతుంది" అన్నాడా డైరెక్టరు. ఇసావో ఆ రికార్డుతో పాటు గిటారు వాయించబోతే ఒక్క తీగా కలవలేదు. "నీ తీగలు చవకబారువి" అన్నారు. నిజమే కాబోలనుకున్నారు పాపం, పల్లెటూరి బైతులు. పాట మాత్రం దేశమంతా మోగింది. బూర వచ్చే ముందు మొరియో అందుకునే ఆ పై స్వరం కోసం ఆడపిల్లలు మూర్ఛపోయేవారు.

అప్పుడు టీవీకి పిలిచారు. పెద్ద ఆర్కెస్ట్రా, సూటు వేసుకున్న వాద్యగాళ్ళు. మావాళ్ళ గిటార్లకి కరెంటు కూడా ఇవ్వలేదు, ఊరికే మెడలో వేసుకుని నిలబడాలి. వీధిలో టీవీ ఉన్నది మా కొట్టులోనే, అందరూ వచ్చి కూర్చున్నారు. పాట మొదలైంది. మొరియో మెడ నరాలు పొంగాయి, ముఖం కందగడ్డ అయింది. ఆ పై స్వరం దగ్గర గొంతు పగిలి కోడిపిల్ల కూత వచ్చింది. దేశమంతా చూసింది. మా కొట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్ళ నెత్తిన నేను సోయా పిప్పి కుండ కుమ్మరించాను, అది వేరే సంగతి.

టీవీలో రెండోసారి ప్రయత్నించాడు, మళ్ళీ అంతే. గొంతు చెడిపోయిందన్నారు కంపెనీవాళ్ళు. కొంగలు ఎగిరిపోయాయి. మొరియో ఊరికి తిరిగొచ్చాక "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని వీధి చివర ఎగతాళి చేసేవాళ్ళు. మా ఆయన ఆ మాట కూడా అనలేదే! మద్దెల్ని ఒక్క మాట అనకుండా తప్పంతా తన గొంతుదేనన్నాడు. మా నాన్న జాలిపడి తోఫూ అమ్మే తోపుడుబండి చేతికిచ్చాడు. బూర ఊదితే చాలు, కేకలు వెయ్యక్కర్లేదు కదా. తర్వాత నన్ను కూడా ఇచ్చాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న చలిగాలి ఇరగదీస్తున్న ఒక మధ్యాహ్నం కొట్టులోకి ఒక అమ్మాయి వచ్చింది. జుట్టంతా రేగిపోయింది. పొట్టకి అట్టపెట్టె హత్తుకుని ఉంది. పేరు కుజె. పాత రికార్డుల్ని మళ్ళీ అచ్చువేసే చిన్న కంపెనీ నడుపుతోందట. ఇసావో అప్పటికే అక్కడున్నాడు. తన క్షౌరశాలని కొడుక్కి అప్పగించిన దగ్గర్నుంచీ, నూనెలోంచి వేయించిన తోఫూ తీసే వేళకి అతగాడు ఠంచనుగా దిగుతాడు.

"సిల్వర్ హెరాన్స్ రికార్డు మళ్ళీ తెస్తున్నామమ్మా" అంది ఆ అమ్మాయి, నేనిచ్చిన వేడి సోయాపాలు చేతుల్లో పట్టుకుని. "గోదాములో అసలు టేపు దొరికింది. నమూనా రికార్డు కూడా తీశాం. కొందరు పాత అభిమానులకి వినిపిస్తే నన్ను తిట్టిపోశారు."

"ఎందుకూ, పాటలు మాయం చేశావా?" అన్నాడు ఇసావో.

"లేదండీ. పాటలన్నీ నీరసంగా, బరువుగా ఉన్నాయంటున్నారు. మా యంత్రం తప్పో, పాత రికార్డు తప్పో నాకు తెలీట్లేదు. రేపు ఫ్యాక్టరీకి మాట చెప్పాలి. ఏది అసలుదో మీరే చెప్పాలి, మొరియో గారూ."

మా ఆయన చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ రికార్డు మా ఇంట్లో ఎప్పుడూ మోగలేదు. నేను ఒకసారి పెట్టబోతే అన్నం మానేసి పడుకున్నాడు. ఈసారి ఇంటికొచ్చిన పిల్లని వద్దనలేకపోయాడు.

ఆ అమ్మాయి పెట్టెలోంచి చిన్న ప్లేయరు తీసి బల్ల మీద పెట్టింది. ముందు పాత రికార్డు వేసింది. అదే, ఆడపిల్ల గొంతులాంటి మొరియో. పై స్వరం వచ్చినప్పుడు మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కొత్తది వేసింది.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. అది మా షెడ్డులోని గొంతు. కాస్త బొంగురుగా, వెచ్చగా, నిదానంగా, మగ్గాల మోతలోంచి కూడా నాకు విడిగా వినపడే గొంతు. ఇన్నేళ్ళూ ఎక్కడ పడున్నావురా నాయనా అనిపించింది. నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, నూనె పొగ అని చెప్పాను.

"ఇది నేను కాదు" అన్నాడు మొరియో.

"అదేంటయ్యా?" అన్నాను.

"నాది పాతది. పై స్వరం ఉన్నది. ఈ అమ్మాయి యంత్రం చెడిపోయింది. అమ్మాయ్, పాతదాని లాగే వెయ్యి."

"ఏమయ్యా, నీ గొంతు నీకు తెలీదా? షెడ్డులో నువ్వు పాడింది ఇలాగే!"

"నీకేం తెలుసే! నేను బతుకులో చేసిన మంచి పని ఆ ఒక్క స్వరం. తర్వాత అది పోయింది, పోనీ. ఒకప్పుడు ఉండేదిగా! ఉండేదని చెప్పడానికి ఆ ఒక్క రికార్డే ఉంది. దాన్ని కూడా లాక్కుంటారా?"

మా ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఇసావో నోట్లో తోఫూ ముక్క పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. కుజె బిక్కముఖం వేసుకుని రికార్డు పెట్టెలో పెట్టబోయింది.

నాకు తెలిసిపోయింది ఏం చెయ్యాలో. గోడకి ఇత్తడి బూర వేలాడుతోంది. చెయ్యి చాచితే అందుతుంది. అది ఊదితే నిజం తేలిపోతుంది. ఆ స్వరం అబద్ధమని తేలితే, ఆ మనిషికి మిగిలిన ఒక్క గొప్పా పోతుంది. ఊదకపోతే, పాడని మొగుడితోనే నా బతుకు తెల్లారిపోతుంది. నేను మంచిదాన్నయితే ఊరుకునేదాన్నేమో. మా ఊరి గాలి నన్ను అలా పెంచలేదు.

"ఆగు పిల్లా" అన్నాను. "కొత్తది మళ్ళీ పెట్టు, బూర వచ్చే చోట."

"తొమియే, వద్దు" అన్నాడు మొరియో. ఏం చెయ్యబోతున్నానో ఆయనకీ అర్థమైంది.

"ఇసావో అన్నయ్యా, స్టూడియోలో మీరు గిటార్లు దేనికి కలుపుకున్నారు?"

"ఇంకా దేనికి? నీ బూరకే. ఆ డైరెక్టరు నవ్వాడుగా."

"ఇది ఆ బూరే. దీని లోపల మోగే రేకు కూడా మార్చలేదు."

"ఏళ్ళు మీదపడ్డాయి చెల్లెమ్మా, దాని గొంతు మారుంటుంది."

"నీ జుట్టు రాలిందని అందరిదీ రాలుతుందా? ఊరుకో!"

పాట వచ్చింది. రికార్డులో స్కూలు యూనిఫారం వేసుకున్న నేను బూర ఊదాను, బల్ల పక్కన ముసలిదాన్నైన నేనూ ఊదాను. పీలిస్తే వచ్చే స్వరం కూడా. రెండు బూరలు ఒకటైపోయాయి. ఏది నాదో, ఏది ఆ పిల్లదో తెలియలేదు. తర్వాత పాతది పెట్టించి అదే చోట ఊదాను. అమ్మ బాబోయ్! ఇద్దరు సవతులు ఒకేసారి అరిచినట్టుంది. ఇసావో పళ్ళు జివ్వుమన్నాయని దవడ పట్టుకున్నాడు.

"అంటే... పాత రికార్డు వేసేటప్పుడు టేపు వేగం పెంచారు, దాంతో స్వరాలన్నీ పైకి పోయాయి!" అంది కుజె. "అప్పట్లో చేసేవాళ్ళండీ. పాడేవాళ్ళ గొంతు పడుచుగా వినపడుతుందని, పాట హుషారుగా ఉంటుందని. వాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు."

"చూశావా!" ఇసావో బల్ల మీద గుద్దాడు. "నా తీగలు చవకబారువన్నాడు దొంగ వెధవ! కొత్త తీగలు కొనడానికి నా వాచీ అమ్ముకున్నాన్రా!"

మొరియో కదల్లేదు. కొత్త రికార్డు కేసే చూస్తున్నాడు. "అయితే ఆ స్వరం నేను ఎప్పుడూ పాడలేదన్నమాట" అన్నాడు మెల్లగా. ఆ ముఖం చూసి నా గుండె చెరువైంది. ఎందుకు ఊదానురా భగవంతుడా అనుకున్నాను.

అప్పుడా అమ్మాయి అడిగింది. "సార్, మరి టీవీలో ఎలా పాడారు? అక్కడ ఆర్కెస్ట్రా కదా. వాళ్ళు రికార్డు విని స్వరాలు రాసుకునేవాళ్ళు."

నేను బూర బల్ల మీద పెట్టేశాను. 

"రికార్డు విని రాసుకున్నారా?" అన్నాను. "పెంచిన రికార్డు విని?"

"అవునమ్మా. అంటే వాళ్ళు వాయించింది..."

"వీడు ఎప్పుడూ పాడని ఎత్తులో!" ఇసావో లేచి నిలబడ్డాడు. మొరియో భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఒరే మొద్దూ! వినపడుతోందా? నీ గొంతు పోలేదురా! ఎవడి వల్లా కాని ఎత్తులో పెట్టి పాడమన్నార్రా నిన్ను! రిహార్సల్లో గొంతు దాచుకుందామని గొణిగి ఊరుకున్నావు, మా గిటార్లకి కరెంటు లేదు, ఎవడికి తెలుస్తుంది? నీ గొంతు నిక్షేపంలా ఉందిరా!"

ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళుంటారు. మా ఆయన విషయంలో మద్దెల నిజంగానే ఓడు. ఆ సంగతి తెలియడానికి జీవితమంతా పట్టింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ డైరెక్టరు ఎదురుగా ఉంటే రుబ్బురోట్లో వేసేదాన్ని. కానీ ఎప్పుడో పోయాడట, బతికిపోయాడు.

 మొరియో మాత్రం గోడ గడియారం చూశాడు. "వేళయింది" అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు, తోఫూ నీళ్ళ తొట్టెని బండి మీదికి ఎక్కించాడు, తలుపు తోసుకుని గాల్లోకి వెళ్ళిపోయాడు. నిమ్మకు నీరెత్తినట్టు! కుజె కళ్ళు తుడుచుకుంటూ "నేను తప్పు చేశానా అమ్మా?" అంది. "నువ్వేం చేశావే తల్లీ, ఆ మనిషే అంత" అన్నాను. అంటూ బల్ల కేసి చూద్దును కదా, బూర అక్కడే ఉంది.

బూర లేకుండా వీధిలోకి ఎలా వెళ్ళాడీ మనిషి! బూర వినపడకపోతే ఒక్కరూ గిన్నె పట్టుకుని బయటికి రారు. మతి ఉందా అని తిట్టుకుంటూ, రబ్బరు బూట్లతోనే బూర పట్టుకుని పరిగెత్తాను. వెనకాల కుజె, ఆ వెనకాల రొప్పుతూ ఇసావో. పాత నేతమిల్లు మూల తిరిగేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

మొరియో పాడుతున్నాడు.

బండిని దాని కొయ్యకాళ్ళ మీద ఆపి, రెండు చేతులూ పిడి మీద పెట్టి, వీధి మధ్య నిలబడి పాడుతున్నాడు. 'సాయంత్రం వీధిలో నువ్వు'. ముందు గొణుగుడు. ఏదో కాలు పెట్టి నీళ్ళ లోతు చూసుకున్నట్టు. తర్వాత గొంతు కాస్త తెరుచుకుంది. ఆ షెడ్డు గొంతే! బాగా ముసలిదైంది, అంచులు చిరిగాయి, ఊపిరి చాలడం లేదు. అయితేనేం. మిల్లు ఎదురింటి ఆవిడ గిన్నెతో బయటికొచ్చి, తోఫూ అడగడం మానేసి గుమ్మంలో నిలబడిపోయింది. ఆ పక్క ఇంట్లోంచి ఇంకొకరు. నా దేవుడా, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి నా మొగుడి పాట వింటున్నాను, అదీ వీధిలో, పదిమందితో కలిసి!

పై స్వరం వచ్చింది. నేను బూర గుండెలకి హత్తుకున్నాను. అందుకోబోయాడు, జీరపోయింది. ఆగాడు. ఎవరూ నవ్వలేదు. గాలి వెయ్యడం ఆపలేదు. మా ఆయన టోపీ సర్దుకుని, మళ్ళీ అదే పాదం ఎత్తుకుని, ఈసారి ఎక్కాడు. రికార్డులో ఉన్నంత ఎత్తు కాదు. షెడ్డులో ఉన్నంత. ఆయన ఎత్తు.

తర్వాత బూర రావాలి. అందరూ నాకేసి చూస్తున్నారు. మొరియో కూడా. కళ్ళ నిండా నీళ్ళు, ఆ ఇత్తడి మూతి ఎక్కడుందో కనపడలేదు. ఎలాగో ఊదాను. ఒక స్వరం, మరొక స్వరం. దాన్ని పట్టుకుని ఆయన చివరి చరణం పూర్తి చేశాడు.

కుజె ముందుకొచ్చింది. "సార్, ఫ్యాక్టరీకి..."

"నేను ఎంత ఎత్తులో పాడతానో విన్నావుగా అమ్మాయ్. అదే వెయ్యి" అన్నాడు మొరియో. ఎదురింటావిడ గిన్నె అందుకుని తొట్టెలో చెయ్యి పెట్టి, గట్టి తోఫూ రెండు ముక్కలు తీసి వేశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"బూర ఆలస్యంగా ఊదావే తొమియే."

"ఆలస్యం చేసింది నేనా నువ్వా?" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. "తొయ్యి బండి. పక్క వీధిలో మళ్ళీ పాడాలి."